క్రీడాభిరామమందలి భోజనపద్యము

ఆంధ్రవాఙ్మయమున నేఁడు లభించుచున్న రూపకములలో మొదటిదిగాఁ బరిగణింపఁబడు క్రీడాభిరామము వీథీజాతికిఁ జెందిన గ్రంథము. మంచనశర్మ యను బ్రాహ్మణుఁడును, టిట్టిభసెట్టి యను వైశ్యుఁడును జెలికాండ్రై యోరుఁగంటి వీథులలో నొక్కదినము విహరించి, కన్నదానిని గన్నట్లు ముచ్చటించుకొనుటయే యిందలి యితివృత్తము. 1909 వ సంవత్సరమున మానవల్లి రామకృష్ణకవిగారు దీనిని వెలువరించినది మొదలు పండితులదృష్టి ముఖ్యముగా రెండువిషయములపై నిలిచినది. గ్రంథకర్త వినుకొండ వల్లభరాయఁడా, శ్రీనాథుఁడా యనునది మొదటిది. ఇందలి శృంగారము సభ్యమా, యసభ్యమా యనునది రెండవది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శ్రీనాథకర్తృకత్వపక్షమున విపులముగా వాదించిరి, పలువు రంగీకరింపరైరి. ఈ రెండువాదముల నడుమఁ జిక్కి, గ్రంథమున నొకానొక చిన్నపద్యము తగినంత విచారమునకుఁ బాత్రము గాకపోయినది. మిత్రులకు భోజనము దొరకు తావును దెలుపు పద్యమది. దానిని జదివినవారు నవ్వుకొని ముందునకు సాగుటయో, నాఁటి యాహారపదార్థముల పట్టికలోఁ జేర్చుకొనుటయో జరుగుచున్నది. కాని మహానగరమునఁ దిరుగుచు మంచికూటిని వెదకుకొను పురుషుని తెలుఁగుకవి యెట్లు చూచెను, ఆ వెదకులాటలో నేది కావ్యార్హమని తలఁచెను అను ప్రశ్నకు సమాధానము ముఖ్యముగా నా పద్యముననే కలదు.

పద్యార్థమును సంగ్రహముగాఁ జెప్పవలెనన్న నిట్లుండును. లక్ష్మణవజ్ఝల యను నతని యింట నొక్కరూక యిచ్చినవానికిఁ గప్పురభోగి వంటకమును, కమ్మని గోధుమపిండివంటయును, పిడికెఁడు పంచదారయు, అప్పుడు కాఁచిన యావునేయియు, పెసరపప్పును, అరఁటిపండ్లును, నాలుగైదు తెఱఁగుల నంజులును, గడ్డలు గట్టిన క్రొత్తపెరుఁగును లభించును. ఇంతయే. నాయికావర్ణనము లేదు, శ్లేష లేదు, ఉపమానము మచ్చునకైన లేదు. అయినను విన్నవాని నోరూరును. ఈ శక్తి యెక్కడనుండి వచ్చినదో విచారింపవలెను.

ముందుగా శబ్దవిచారము. ఇట్టి యింటికిఁ దెలుఁగునఁ బూటకూటియిల్లని పేరు. కూడు శబ్దమునకు ఔపవిభక్తికరూపము కూటి, బహువచనము కూళ్లు. కావునఁ బూటకూటియిల్లనియు, పూటకూళ్లయిల్లనియు రెండు రూపములును సాధువులే. నేఁటివాడుకలో నిది కొందఱినోటఁ బూటకూలి యైనది. కూలి యనఁగా వేతనము. పూఁటకుఁ గూలి యిచ్చి తిను నిల్లని యర్థము గూడ నెట్టకేలకు సరిపడుటచే నీ భ్రమ నిలిచినది. కాని యిందు మూలమందున్నది వేతనము గాదు, అన్నము. కూడన్న మాట యిప్పుడు నీచార్థమున వాడఁబడుచున్నను బూర్వకవులకు గౌరవవాచకమే యయ్యెను. ఓరుఁగల్లు, ఇల్లు, కూడు అను మూఁడుశబ్దములును ఓరుఁగంటి, యింటి, కూటి యని తమ తుదియక్షరములను మార్చుకొని పరపదము నాశ్రయించు నవియే. విద్యార్థుల కౌపవిభక్తికములను బోధించు పండితులకు 'ఓరుఁగంటి పూటకూటి యింటి భోజన' మన్న నొక్క యుదాహరణము చాలును.

రెండవది కప్పురభోగి శబ్దము. కప్పురము కర్పూరశబ్దభవము. దీనిని గని కొందఱు కర్పూరపరిమళముగల మధురపదార్థమని తలఁపవచ్చును. ప్రకరణమును బట్టి చూచినచో నది పొసఁగదు. పద్యమునఁ బప్పు కలదు, నేయి కలదు, నంజులు గలవు, పెరుఁగు గలదు. ఇవి యన్నియు నన్నము నాకాంక్షించు పదార్థములు. కప్పురభోగిని దీపిపదార్థ మన్నచో నీ విందులో నన్నమే లేకపోవును. అన్నము లేని యాకులోఁ బప్పును నేయియు వడ్డించిన గృహస్థుఁడు గాని, వర్ణించిన కవి గాని యుండఁడు. కావున నిది సన్నబియ్యపు జాతివిశేషమనియు, వంటక మన్నది యా బియ్యముతో వండిన యన్నమనియు గ్రహించుటయే యుక్తము. తీపి గోధుమపిండివంటతోను బంచదారతోను దీరినది.

మూఁడవది నంజు. ఈ రూపమునఁ దెలుఁగున విషార్థకశబ్ద మొకటి కలదు, నంజుడన్న మాంసము. పద్యమందలి నంజు లీరెండును గావు. అన్నముతోఁ గొంచెము కొంచెముగా రుచికై కలుపుకొను వ్యంజనములే యివి. నంజుకొను, నంచుకొను అను క్రియలు నేఁటికిని బ్రతికియున్నవి. భర్తృహరి వాక్యపదీయమున ననేకార్థకశబ్దములకు విశేషార్థనిర్ణయమునఁ దోడ్పడు కారణములను జెప్పుచు సాహచర్యమును, ప్రకరణమును, ఔచిత్యమును బేర్కొనెను. పప్పు పెరుఁగుల సాహచర్యమును, వజ్ఝల యింటి యౌచిత్యమును జూచినవాని కిఁక సందేహమునకుఁ దావు లేదు. నిఘంటువు నొక్కదానినే నమ్మి ప్రాచీనకావ్యముల నర్థము చేయఁబూనువారికిఁ బద్యమందలి యీచిన్నమాట మంచి హెచ్చరిక.

నాలుగవది వజ్ఝల. ఉపాధ్యాయశబ్దము ప్రాకృతమున ఉవజ్ఝాయ యై, తెలుఁగున నొజ్జ యైనది. వజ్ఝల యను గృహనామమును దచ్ఛాఖకుఁ జెందినదే. ఇందొక మెత్తని చమత్కారము గలదు. విద్యయు నన్నమును వెల గొనక యీవలసినవాఁ డుపాధ్యాయుఁడు. అట్టి వంశనామముగలవాని యిల్లే యోరుఁగంట రూకకుఁ గూడుపెట్టు నిల్లయినది. కవి దీనిని వ్యాఖ్యానింపలేదు, పరిహసింపలేదు. పేరుమాత్రము చెప్పి యూరకుండెను. కవి యుద్దేశించెనో లేదో గాని, శబ్దచరిత్ర నెఱిఁగిన పాఠకున కా యూరకుండుటయే వ్యంగ్యముగాఁ దోఁచును.

ఐదవది రూకకు అనుచోట నున్న కువర్ణకము. వెల దెలుపుచోట సంస్కృతమునఁ దృతీయ ప్రసిద్ధము. అయినను బాణిని పరిక్రయణార్థమున సాధకతమమునకు సంప్రదానసంజ్ఞను వికల్పముగా విధించెను. పరిక్రయణ మనఁగా శాశ్వతముగాఁ గొనుట గాదు. వేతనాదుల నిచ్చి నియతకాలమునకు స్వాధీనము చేసికొనుట యని కాశికాకారుల వివరణము. నూఱింటి కొఱకుఁ బరిక్రీతుఁడైన సేవకుఁడు నూఱింటికి దాసుఁడు గాఁడు. గడువు తీఱఁగనే స్వతంత్రుఁడు. పూటకూటి యింటి స్వభావమును దెలుపుట కింతకంటెఁ దగిన శాస్త్రీయదృష్టాంతము దొరకదు. తినఁబడిన యన్నము నిజముగాఁ గొనఁబడినదే. కాని పీఁట, నీడ, వడ్డించు చేయి, గృహస్థుని యింటివాఁడను భావము అనునవి పూఁటమాత్రమునకుఁ బరిక్రీతములు. తాంబూలము ముగియఁగనే యా చుట్టఱికమును ముగియును. పూట యను పూర్వపద మింత పని చేయుచున్నది.

ఇఁక సాహిత్యవిచారము. ఇందొక పూర్వపక్షము గలదు. వస్తువుల పేళ్లను వరుసగాఁ గూర్చినంతమాత్రమునఁ గవిత్వమగునా, అట్లైనచో నంగడివాని చిట్టాయుఁ గావ్యమే గదా యని. దీనికి సమాధాన మాలంకారికులలోనే కలదు. స్వభావోక్తి నలంకారమని యంగీకరించుటకు భామహుఁడు వెనుదీసినను, దండి దానికే ప్రథమస్థాన మొసఁగి, శాస్త్రమునందు దానిదే సామ్రాజ్యమనియుఁ గావ్యములందును నది యభిలషణీయమే యనియుఁ దలఁచెను. అయితే స్వభావోక్తి యనఁగాఁ బేళ్లను జెప్పుటమాత్రము గాదు. వస్తువున కసాధారణమైన ధర్మమును బట్టి చూపుట. ఈ పద్యమున విశేషణములను బరికింపుఁడు. నేయి యూరక నేయి గాదు, అప్పుడు కాఁచినది. పెరుఁగు క్రొత్తది, గడ్డకట్టినది. పిండివంట కమ్మనిది. పంచదార కొలఁది పిడికెఁడు. ఈ విశేషణము లలంకారమునకై వచ్చినవి గావు. వెల యిచ్చి తినువాఁడు పరీక్షించు గుణములివి.

బంధువుల యింట విందు గుడుచువాఁడు నేయి యెప్పుడు కాఁచిరో యడుగఁడు, అడిగిన నవమర్యాద. అచ్చట గృహస్థుని యాదరమే పదార్థమునకుఁ బ్రమాణము. ఊరుగానియూర, పరిచయము లేని యింట, వండినవారి మొగ మెఱుఁగని యాకుముందు కూర్చున్నవానికి మఱి యే ప్రమాణమును లేదు. తాజాదనమే వానికిఁ దెలియఁగల సత్యము. పాతనేయి కంపును, పులిసిన పెరుఁగును మఱుగుపఱుపరానివి. కావుననే విశేషణములు పాలపదార్థములపైఁ గేంద్రీకృతములైనవి. పప్పునకు విశేషణము రాలేదు. నగరములఁ దిరిగి తిరిగి మంచిచెడ్డల నెఱిఁగిన నాలుక యిట్లు మాటలాడును. ఈ యొక్కసూక్ష్మముచేఁ బద్యము చిట్టా గాక పాత్రోచితవాక్యమైనది. వీథీలక్షణమును జెప్పినవారు దానియందుఁ బాత్ర లొక్కటియో రెండో యనియు, వృత్తి కైశికి యనియు, శృంగారము సూచ్యమనియుఁ జెప్పిరి. పేరునకుఁ దగినట్లు నిక్కముగా వీథులలోనే నడచు నీరూపకమున, నడచి యలసినవాని యాఁకలికిఁ దావిచ్చుట రూపకౌచిత్యమునకు భంగము గాదు, పోషకమే.

రెండవ పూర్వపక్షము చారిత్రకుల వలన వచ్చును. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949 లోఁ బ్రకటించిన యాంధ్రుల సాంఘికచరిత్రమున క్రీడాభిరామము నెంతయో వాడుకొనిరి. రాజవంశావళులకుఁ బరిమితమైన చరిత్రమునకుఁ బ్రజలయిండ్లను, వీథులను, వేడుకలను జేర్చి మహోపకారము గావించిరి. ఆ మార్గమునఁ బిమ్మట నడచువారిలోఁ గొందఱీపద్యమును జూపి, కాకతీయులనాఁ డోరుఁగంటి ప్రజల భోజన మిట్టిదని నిశ్చయింపఁగలరు. ఆ నిశ్చయమునకు మూఁడడ్డంకులు గలవు.

మొదటిది, ఈ గ్రంథమునకు మూలము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము. అది యిప్పుడు లభింపదు. మూలమందున్న దెంత, తెలుఁగుకవి చేర్చిన దెంత యని విడఁదీయుటకు సాధనము లేదు. రెండవది, ఓరుఁగల్లు 1323 వ సంవత్సరమునఁ బతనమైనది. ప్రతాపరుద్రుఁడు బందీయై కొనిపోఁబడెను. తెలుఁగుకృతి యటుపిమ్మటిది. కావున నీ విందు కన్నులారఁ జూచి వ్రాసినది గాదు. పడిపోయిన పురమును మాటలతో నిలిపిన స్మృతి. ఆ స్మృతిలో నేయి యింకను వెచ్చఁగానే యున్నది, పెరుఁగు క్రొత్తగానే యున్నది. చారిత్రకునికి బ్రతిబంధకమైన యీ విషయమే సహృదయునికి రసహేతువు. మూఁడవది, పద్యము ప్రశంసావాక్యము. ఒక తావును బొగడుచు నచ్చటికిఁ బిలుచువాని మాటను బురజనులందఱి నిత్యాహారమునకుఁ బ్రమాణముగాఁ గొనుట, కల్యాణమంటపమును జూచి వీథిలోని యిండ్లన్నియు నట్లే యుండునని తలఁచుటతో సమానము.

అట్లని పద్యము చరిత్రకుఁ బనికిరాదని గాదు. అది స్పష్టముగాఁ దెలుపున దొకటి గలదు. వరియు జొన్నయుఁ బ్రధానముగాఁ బండు నేలపై గోధుమపిండివంట యొక్కరూకవిందులోఁ జేరినదనఁగా, అచ్చటి యంగడి పలుసీమల సరకును దెచ్చుకొనుచుండెననుట. గణపతిదేవచక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు నభయశాసన మిచ్చెను. చందనము, కర్పూరము మొదలగు సరకులపై సుంక మెంతయో యందు నిర్ణయింపఁబడినది. పల్లెలో దినువాఁడు తననేల పండించినదానిని దినును. నగరమునఁ దినువాఁడు దూరదేశములు పంపినదానిని దినును. ఈ భేదము పద్యమునఁ గలదు. అంతవఱకే చరిత్రకుఁడు దానినుండి గ్రహింపవచ్చును.

ఇప్పుడు ధర్మవిచారము. ఆపత్కాలమున వైశ్యవృత్తి నవలంబించు బ్రాహ్మణునికి విక్రయింపరాని వస్తువులను జెప్పుచు మనువు వండిన యన్నమును గూడఁ జేర్చెను. తైత్తిరీయోపనిషత్తున భృగువల్లి, యన్నమును నిందింపరాదనియు, వసతికై వచ్చినవానిని నిరాకరింపరాదనియు బోధించుచున్నది. అట్లుండ వజ్ఝలయిల్లు శాస్త్రవిరుద్ధము గాదా యని ప్రశ్న. శాస్త్రము కుటుంబములును, గ్రామములును గలిగిన సంఘమును దలఁచి విధించినది. వేలకొలఁది పరదేశులు దినదినమును వచ్చిపోవు మహానగరమున నొక్కొక్క గృహస్థుఁ డెందఱ కతిథిపూజ చేయఁగలఁడు? ఇచ్చట దానధర్మము మాత్రమే యున్నచోఁ గొందఱు తిందురు, పలువురు పస్తుందురు. తెలుఁగుకవి యీ వ్యవస్థను దూషింపక వేడుకతో వర్ణించుట లోకజ్ఞత. కాలక్రమమున నీవృత్తి యనాథలైన వితంతువుల చేతికి వచ్చినది. గురజాడ యప్పారావుగారి కన్యాశుల్కమున విజయనగరపుఁ బూటకూళ్లమ్మ యట్టిదే. నమ్మి సొమ్మిచ్చి మోసపోయి, తుదకుఁ జీపురుకట్టతో గిరీశమును వెదకుకొనుచు వచ్చు నామెను జూచి ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వులో నొక్కనిమేషమాగి, తన చేతివంటతో నన్యాధీనముగాక బ్రతికిన స్త్రీ యామె యని తలఁచుకొనవలెను. లక్ష్మణవజ్ఝలయింట వండిన చేయి యెవరిదో క్రీడాభిరామకవి చెప్పలేదు. యజమానుని పేరు మాత్రమే నిలిచినది. పద్యమునఁ గొఱఁతగాఁ జెప్పఁదగిన దేదైన నున్నచో నిది యొక్కటి.

వెలకు దొరకు కూటికిఁ బ్రతిగా, వెలకును దొరకని కూటికథను శ్రీనాథుఁడు చెప్పియున్నాఁడు. భీమేశ్వరపురాణమునను, గాశీఖండమునను గల వ్యాసోపాఖ్యాన మది. ఇదియే 'భిక్ష' యను పేరఁ బదవతరగతి వాచకమునకు నెక్కినది గావునఁ బాఠశాలాపండితుల కత్యంతపరిచితము. అన్నపూర్ణకు నెలవైన కాశిలో వేదవ్యాసుఁడంతవాఁడు శిష్యులతో వీథివీథి తిరిగినను విశ్వేశ్వరుని సంకల్పముచే నెచ్చటను గబళము లభింపదు. ఒక యిల్లాలు వండుచున్నామనును. మఱియొకతె పిమ్మట రమ్మనును. పొమ్మను కఠినవాక్య మెవ్వరిదియు గాదు. ఒక్కొక్కటియు మర్యాదగల నెపమే. నగరమున నాఁకలిగొన్నవానికిఁ దగులునది కాఠిన్యముకంటె నిట్టి మృదువైన నిరాకరణమే యని శ్రీనాథుఁ డెఱిఁగినంతగా నెఱిఁగిన కవులరుదు. రెండవనాఁడును భిక్ష దొరకకపోవ వ్యాసుఁడు కోపించి పురజనులకు మూఁడుతరములవఱకు విద్యయు ధనమును మోక్షమును లేకపోవుఁగాక యని శపింప నుద్యుక్తుఁడగును. అప్పుడు పార్వతి పెద్దముత్తైదువ రూపమున వాకిట నిలిచి, పిలిచి, మందలించి, తుదకు శిష్యులతోఁ గూడ భోజనము పెట్టును. భోజనానంతరము శివుఁడు వానిని గాశినుండి వెడలఁగొట్టును.

ఈ కథను బోధించునపుడు కోపము కూడదను నీతితో ముగించుట వాడుక. నీతి సత్యమే, కాని కథలోఁ దఱచుగా విస్మరింపఁబడు విషయ మొకటి గలదు. ఇల్లాలు భోజనమునకుఁ బిలిచినపుడు వ్యాసుఁడు శిష్యులను విడిచి తాను గుడువ నొల్లఁడు. తనయాఁకలికంటె వారియాఁకలి ముందుగాఁ దలఁచినవాఁడు, తన కోపముచేఁ బురమంతటిని జెఱుపఁ దలఁచినవాఁడు నొక్కఁడే. ఆఁకలి మనుష్యుని నొక్కక్షణమున నింత యెత్తునకును, నింత లోఁతునకును గొనిపోవునని చూపుటయే యీ ఘట్టమందలి కవితాశిల్పము. పాఠము చెప్పువారు రెండవదానిని మాత్రము చెప్పి మొదటిదానిని విడిచినచో విద్యార్థికి వ్యాసుఁ డొక కోపిష్ఠిగాఁ దోఁచును. శ్రీనాథుని వ్యాసుఁడు గాఁడు. భీమేశ్వరపురాణమునఁ గథ యింకను ముందునకుఁ బోవును. కాశిని బాసిన వ్యాసుఁడు దాక్షారామమునకు వచ్చును. కాశీనగరమునఁ దప్పిన ముద్దయే తెలుఁగుక్షేత్రమునకుఁ ద్రోవచూపినది.

ఓరుఁగంటివిందును, గాశీభిక్షను బక్కపక్కన నుంచి చూచినచోఁ గావ్యముల తారతమ్యము దెలియును. వజ్ఝలయింటి భోజనమునకుఁ బూర్వోత్తరములు లేవు. తిన్నవారు లేచి మఱల వేడుకలు చూడఁబోవుదురు. మేషయుద్ధము, కోడిపందెము, మాచల్దేవి చిత్రశాల, వీనిలో నది యొకటి. కాశిలో భోజనము కథను మలుపు త్రిప్పును; తిన్నవాని బ్రతుకు మాఱిపోవును. కావునఁ గథాశిల్పమున శ్రీనాథుని ఘట్టమే యధికము. కాని వీథీరూపకమునకు గాంభీర్యము విధింపఁబడలేదు. దాని లాఘవమును లోపమనుట, జాతరకుఁ బోయినవానిని దీర్థయాత్రాఫల మేమని యడుగుటవంటిది. ఈ రెండుభోజనముల స్వభావభేదము కర్తృకత్వవిచారమునకును గొంత పనికివచ్చును. శ్రీనాథుని భోజనవర్ణన మెచ్చట వచ్చినను సమృద్ధిని జూపును, పదార్థములు పంక్తులుగట్టి వచ్చును, సీసములు నిండును. క్రీడాభిరామపద్యము కొలఁదిని జూపును. రూకకు లభించునంతయే చెప్పి నిలుచును. ఇంతమాత్రమునఁ గర్త వేఱని నిర్ణయింపరాదు. ఒక్కకవియే ప్రకరణమును బట్టి రెండువిధములఁ బలుకవచ్చును. అయినను శైలీసామ్యము నాధారముగాఁ గొని యేకకర్తృకత్వమును సాధింపఁబూనువా రీ వైషమ్యమును గూడ లెక్కకుఁ దీసికొనవలసియుండును.

ఇఁక శ్రీనాథుని పేరఁ బ్రచారమందున్న చాటువులు. వీనినిబట్టి యతఁడు గొప్ప భోజనప్రియుఁడనియు, నూరూరఁ దిరిగి మంచికూడు దొరకనిచోట నెల్ల నీసడించెననియు నొక యభిప్రాయము పాదుకొన్నది. కన్నడరాజ్యమునకుఁ బోయి యచ్చటి వేషము దాల్చి, వెల్లుల్లిని నూఁగుపిండిని దిని, చల్లయంబలిని ద్రావి, యా రాజ్యలక్ష్మికి దయరాదేమని మొఱవెట్టుకొనుట యొకటి. పలనాట సజ్జయు జొన్నయుఁ దప్ప సన్నన్నము లేదని నిట్టూర్చుట యొకటి. పూతనస్తన్యమును, దావాగ్నిని మ్రింగిన శ్రీకృష్ణునే పిలిచి, బచ్చలికూరతో జొన్నకూటిముద్ద నొక్కదానిని మ్రింగి చూడుమని సవాలుచేయుట మఱియొకటి.

చాటువు లాస్యపరంపరచే వచ్చినవి. వానికిఁ గర్తను నిశ్చయించుటయే కష్టము. వానినుండి జీవితచరిత్రము నల్లుట మఱింత సాహసము. అయినను గవిత్వముగాఁ జదివినచోఁ గన్నడచాటువునఁ దిండిపై నిందకంటె బ్రార్థనమే ప్రధానమని తెలియును. అచ్చట వెల్లుల్లి తినుట రుచికై గాదు, కొలువు దర్శనమునకై. వ్యాసుఁడు కాశిలో భిక్షాపాత్రమును జాఁచెను. ఓరుఁగంటి బాటసారి రూకను జాఁచెను. కన్నడరాజధానిలోఁ గవి తన యలవాటులనే జాఁచెను. తనకూడు, తనకట్టు విడుచుటయే యచ్చట వెల. ఈ మూఁడింటిలో నెక్కువ వెల మూఁడవదియే. దీనిని దిండిపోతు సణుఁగుడని పిల్లలకుఁ జెప్పుట కవికిఁ జేయు నపచారము.

పలనాటిచాటువుల విషయమున మాత్రము విమర్శకుఁడు కవిపక్షమునఁ బూర్తిగా నిలువరాదు. జొన్నయు సజ్జయు వాననీటిపై నాధారపడిన మెట్టసీమల జీవధాన్యములు. సన్నబియ్యము నీటివసతిగల నేలల భాగ్యము. తీరసీమలయన్నమునకు మరగిన నాలుక మెట్టసీమకూటిని జూచి నవ్విన నవ్వది. నవ్వు చతురమే, శ్రీకృష్ణునితోఁ బోటీ పెట్టిన కల్పన యసాధారణమే. కాని యదే కూటిని దిని బ్రతికినవారి పక్షమునఁ జాటువు లేకపోవుటచే దానిని సీమస్వభావవర్ణన మనరాదు, యాత్రికుని స్వభావవర్ణన మనవలెను. ఏ యూరి కూటినైనఁ దూఁచు త్రాసు యాత్రికుఁడు తన యింటినుండి తెచ్చుకొనును. ఈ విషయమును విస్మరించి యొక్కొక్కసీమ కొక్కొక్క చాటువును ముద్రగా వేయుట సాహిత్యచరిత్రకారులలో నొక దురభ్యాసము.

ఆంధ్రు లీ భోజనప్రియుని కథకుఁ గట్టిన తుది గూడఁ జాటురూపముననే యున్నది. వార్ధకమునఁ బోషకులు గతింప శ్రీనాథుఁడు బొడ్డుపల్లెలో నేలను గుత్తకుఁ గొన్నాఁడఁట. కృష్ణవేణి పొంగి పంటను గొనిపోయినదఁట. మిగిలిన తిలలను బెసలను బిట్టలు దినిపోయినవఁట. ఏడునూఱు టంకముల నెట్లు చెల్లింతునని యతఁడు వగచినాఁడఁట. ఇది చరిత్రమో కాదో గాని, యెవరు కట్టిరో వారు ధాన్యముల పేళ్లను దెలిసియే యెన్నుకొనిరనిపించును. కన్నడసీమలో రుచింపక తిన్నది తిలపిష్టము. ఓరుఁగంట రూకకు వడ్డించినది పెసరపప్పు. ఊరూరి యాకులలోని పదార్థములకుఁ దారతమ్యము నిర్ణయించిన కవికిఁ దుదకుఁ దనచేనున నా రెండుధాన్యములును మిగులలేదు. క్రీడాభిరామపద్యమును బాఠముగాఁ జెప్పు పండితులు దానివెనుక నీ చాటువును గూడఁ జదివించినచో, వెచ్చని నేతికిని గ్రొత్తపెరుఁగునకును రూక యెంత స్వల్పమైన వెలయో విద్యార్థికి వ్యాఖ్యానము లేకయే బోధపడును.